గోడలో బిగుసుకుపోయిన కుళాయి: పర్లాకిమిడిలో నా అనుభవం

మా స్నానాలగదిలో గోడకు బిగించి ఉన్న ఇత్తడి కుళాయిని తీయించి కొత్తది పెట్టించాలని 2025 ఏప్రిల్ మొదటి వారంలో మొదలుపెట్టిన పని, ఆ నెల మూడో వారానికి గాని పూర్తి కాలేదు. కుళాయి మార్చడం అరగంట పని అని నాతో అన్నవారెవరూ అబద్ధం చెప్పలేదు. ప్లాస్టిక్ పైపులు వేసిన కొత్త ఇళ్లలో అది నిజంగానే అరగంట పని. ముప్పై ఏళ్ల కిందట జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప పైపులు) వేసి, వాటిని గోడలో పూడ్చి, పైన టైల్స్ అంటించిన ఇళ్లలో మాత్రం వ్యవహారం వేరు. అటువంటి ఇంట్లో ఉంటున్నవారికి ఈ పనిలో ఏది ముందు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో, దేనికెంత అవుతుందో ముందే తెలిస్తే నేను పడిన ఆందోళనలో కొంతైనా తప్పుతుందని ఇది వివరంగా రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 1992లో గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లాను ఏర్పాటు చేశాక, ఊళ్లోకి ఆఫీసులూ ఉద్యోగులూ వచ్చి కొత్త వీధులు పడుతున్న రోజుల్లో మా మామయ్యగారు ఈ ఇల్లు కట్టించారు. ఆయన మేకు కొన్నా పుస్తకంలో రాసుకునే మనిషి. ఆయన పోయి చాలాకాలమైనా 1994 నాటి ఆ లెక్కల పుస్తకం అత్తయ్యగారి బీరువాలో భద్రంగా ఉంది. అందులో "అరంగుళం జీఐ పైపు, బి క్లాసు, నీలం పట్టీ" అని ఒక పద్దు ఉంది. ఈ పైపుల మీద వేసే రంగు పట్టీల్లో పసుపు పలుచని రకానికి, నీలం మధ్యరకానికి, ఎరుపు మందమైన రకానికి గుర్తు. మధ్యరకం అరంగుళం పైపు గోడ మందం 2.6 మిల్లీమీటర్లు, త్రెడ్డు (మరచుట్టు) కోసినచోట అందులో దాదాపు 1.2 మిల్లీమీటర్లు కోతకే పోతుంది. అంటే పైపు కొత్తగా ఉన్న రోజునే త్రెడ్డు అడుగున మిగిలే ఇనుము ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. దాని మీద ముప్పై ఏళ్లు తుప్పు పనిచేశాక ఎంత మిగిలిందో గోడ పగలగొట్టకుండా ఎవరూ చెప్పలేరు. నేను తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ పద్దే ఆధారం.

ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు, కుళాయి ఎంత గట్టిగా కట్టినా చుక్కలు పడడం ఆగలేదు. రాత్రి కింద పెట్టిన బకెట్టు తెల్లవారేసరికి నిండేది. ఏప్రిల్ 5, శనివారం, పక్క వీధిలో పని చేస్తున్న ఒక కుర్ర ప్లంబరును పిలిచాను. అతను మేడ మీదికి వెళ్లి ట్యాంకు దగ్గరి గేటు వాల్వు కట్టాడు. చక్రం తిరుగుతూనే ఉంది కాని కింద నీళ్లు ఆగలేదు. చివరికి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కూర్చోవలసి వచ్చింది. కుళాయి తల విప్పి చూస్తే వాషరు అరిగిపోయి ఉంది. అది మార్చడం నిమిషాల పని. అయితే వాషరు ఆనే ఇత్తడి గద్దె కూడా ఒకవైపు గాడి పడి కోసుకుపోయింది. అక్కడ కొత్త వాషరు పెట్టినా ఆ గాడిలోంచి నీళ్లు జారుతూనే ఉంటాయి. కుళాయే మార్చాలని అతను చెప్పాడు. అది సరైన మాటే.

ఆ తరువాత జరిగినదే నన్ను భయపెట్టింది. పైపు రెంచితో కుళాయి మొదలు పట్టుకుని తిప్పాడు, కదలలేదు. రెంచి కాడకు మూరెడు పొడవున్న ఇనుప పైపు తొడిగి, దాని చివర బరువంతా వేశాడు. కుళాయి కదల్లేదు గాని, గోడ లోపల ఎక్కడో "టక్"మని చప్పుడైంది, కుళాయి చుట్టూ ఉన్న తెల్లని టైల్ మీద సన్నని గీత పడింది. నేను వెంటనే "ఆపు బాబూ, ఇంక తిప్పకు" అన్నాను. కుళాయి గోడలోని ఎల్బో అనే వంపు ముక్కలో బిగిసి ఉంటుంది, ఎల్బో పైనుంచి వచ్చే పైపుకు బిగిసి ఉంటుంది. కుళాయి రాకపోతే ఆ బలమంతా ఎల్బో మీదికి, అక్కడి నుంచి పైపు త్రెడ్డు మీదికి పోతుంది. ఆ త్రెడ్డు విరిగిందంటే నీళ్లు కారేది గోడ లోపలే, మనకు కనబడకుండా.

అతను నెమ్మదస్తుడే. వాషరు మార్చి కుళాయి తల తిరిగి బిగించి, "గోడ కొట్టకపోతే అవదక్కా ఇది. ఎల్బోతో సహా తీసీయాల. మెటీరియలు, మేస్త్రీ కలిపి ఏడు వేలవుద్ది, టైల్స్ మీవే" అని చెప్పి 250 రూపాయలు తీసుకుని వెళ్లాడు. చుక్కలు తగ్గాయి, ఆగలేదు.

ఆ రాత్రి గోడకు చెవి ఆనించి చాలాసేపు విన్నాను. లోపల ఏదైనా చెమ్మ దిగుతోందేమోనని మరునాడు వెనుక గదిలో ఆ గోడకు అవతలి వైపు సున్నాన్ని చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా వారు ఫోనులో, ఈ పాత లైనంతా వదిలేసి గోడ బయటి నుంచి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు వేయించుకోవడం మేలన్నారు. ఆలోచన మంచిదే, ఎప్పటికైనా చేయవలసినదే. కాని ఇల్లంతా వేయించాలంటే అయ్యే ఖర్చుకు ఈ ఏడాది మా దగ్గర వెసులుబాటు లేదు. అత్తయ్యగారి మాట వేరు. "ఆయన దగ్గర నిలబడి కట్టించిన గోడమ్మా, దాన్ని కొట్టనీకు" అన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ వాడగలిగినది ఆ ఒక్క స్నానాలగదే. అందులో గోడ పగలగొట్టి రోజుల తరబడి సిమెంటు ఆరబెట్టుకుంటూ కూర్చోవడం ఊహించుకుంటేనే నాకు దిగులు పుట్టింది.

నేను పని చేసే బడిలో నీటి ట్యాంకుల పనులు చేసిన ఒక పెద్ద ప్లంబరు నంబరు నా దగ్గర ఉంది. ఆయనది కేంద్రపడా జిల్లాలో పట్టాముండాయి వైపు. దేశంలో ఏ నగరంలో పెద్ద భవనం లేస్తున్నా అక్కడి ప్లంబర్లలో ఆ ప్రాంతం వారు ఉంటారని పేరు. ప్లంబింగ్ నేర్పడానికి ఒడిశా ప్రభుత్వం ఒక ప్రత్యేక సంస్థను పట్టాముండాయిలోనే పెట్టింది. మా ప్లంబరు కూడా చిన్నప్పుడే పనికి బయలుదేరి, విశాఖలో చాలా ఏళ్లు ఉండి, తెలుగు అక్కడే నేర్చుకున్నాడు. ఏప్రిల్ 6న ఫోను చేస్తే, పణా సంక్రాంతికి (ఒడియావారి కొత్త సంవత్సరానికి) ఊరు వెళుతున్నానని, 14న పండుగ కానిచ్చి వచ్చాకే రాగలనని చెప్పాడు. నేను నిరుత్సాహపడ్డాను. ఆయన మాత్రం ఆ ఆలస్యం మంచిదేనన్నాడు.

"కుళాయి తీయడం పని కాదమ్మా, గోడలోది కదలకుండా తీయడం పని. నేను వచ్చేదాకా దానికి నూనె పట్టించండి. రోజూ పట్టించాలి. రెంచి మాత్రం ఎవరినీ పెట్టనీయకండి" అన్నాడు. ఏమేం చేయాలో అడిగి రాసుకున్నాను.

ముందు సున్నం వదలాలి. మాకు బోరు నీళ్లు. కుళాయి గోడలోకి దిగేచోట ఏళ్ల తరబడి కారిన చెమ్మ ఆరి ఆరి, గట్టి తెల్లని పెచ్చు కట్టింది. దాని మీద నూనె ఎంత పోసినా లోపలికి పోదు, జారిపోతుంది. ఏప్రిల్ 7 సాయంత్రం వెనిగర్‌లో పాత చీర పేలిక తడిపి ఆ మొదలు చుట్టూ కట్టాను. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా చిటపటమంటూ నురగ రావడం తెలిసింది. సున్నపు పెచ్చులో ఉండే కాల్షియం కార్బొనేటు ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువు వదలడమే అది. గంటలు గడిచాక పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పెచ్చు ముద్దలా రాలింది. ఇలా మరికొన్ని సాయంత్రాలు చేశాక ఇత్తడికీ ఇనుముకూ మధ్య సందు మొదటిసారి కళ్లకు కనిపించింది. ఇత్తడి అంచున ఆకుపచ్చని చిలుము, ఇనుము అంచున ముదురు గోధుమరంగు తుప్పు, రెండింటి నడుమ వెంట్రుక మందాన నల్లని గీత. మేము నూనె పంపవలసింది ఆ గీతలోకే.

వెనిగర్ వాడిన చోట వెంటనే నూనె వేయకూడదు. నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే వేయాలి. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా ఒకటి 240 రూపాయలకు కొన్నాను. అయితే కుళాయి గోడకు అడ్డంగా ఉంటుంది కాబట్టి స్ప్రే కొట్టిన నూనె క్షణంలో కిందికి కారి టైల్ పాలవుతుంది. దీనికి ఉపాయం అత్తయ్యగారి పూజ సామాను పెట్టెలో దొరికింది. దీపారాధనకు చేసుకునే పత్తి ఒత్తులను పొడుగ్గా సాగదీసి కుళాయి మొదలు చుట్టూ బిగించి చుట్టి, ఆ ఒత్తి మీద నూనె వేస్తే అది రాత్రంతా తడిగా ఉండి, నూనెను కొంచెం కొంచెంగా సందులోకి వదులుతుంది. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి నూనె వేసి, ఒత్తి మురికైనప్పుడు మార్చేదాన్ని. కొబ్బరినూనె వేయమని అత్తయ్యగారు అన్నారు. అది చిక్కన, అంత సన్నని సందులోకి సాగదు, పైగా కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. ఆవిడకు ఆ మాట వివరంగా చెప్పి ఒప్పించాను.

నూనె వేసిన ప్రతిసారీ కుళాయి మొదలు మీద చిన్న సుత్తితో తేలికగా, నాలుగు వైపుల నుంచీ తట్టమని ప్లంబరు చెప్పాడు. గట్టిగా కొట్టడం కాదు, గాజులు ధరించిన చేత్తో తలుపు తట్టినంత సుతారంగా మాత్రమే. ఆ కంపనానికి తుప్పు పొరలో పగుళ్లు పుట్టి నూనెకు దారి ఇస్తాయి. మొదటి కొద్ది రోజులు ఒత్తులు నూనె రంగులోనే ఉండేవి. 11వ తేదీ ఉదయం విప్పిన ఒత్తి లోపలివైపు మాత్రం ఎర్రమట్టి రంగుకు తిరిగి ఉంది. సందులోని తుప్పు నూనెతో కలిసి బయటికి రావడం మొదలైందన్న మాట. ఆ చిన్న ఎర్రని మరక చూసి నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

ఏప్రిల్ 14న ఇక్కడ పణా సంక్రాంతి కావడంతో బడి లేదు, మా వైపు హార్డ్‌వేర్ దుకాణాలు మూసి ఉన్నాయి. స్కూటీ తీసి సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లాను. ఊరు ఊరు ఆనుకుని ఉన్నా అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. ఒక పక్క పండుగైతే రెండో పక్క బజారు ఉంటుంది, సరిహద్దులో ఉండేవారికి ఇదొక సౌకర్యం. అక్కడి దుకాణదారు అరంగుళం కుళాయిలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే మెరుపు, ఒకే ఆకారం. ఒకటి మూడు వందల లోపు, ఇంకొకటి 680. తేడా ఏమిటని అడిగితే నోటితో చెప్పకుండా రెండింటినీ త్రాసు మీద పెట్టాడు. ఖరీదైనది దాదాపు రెట్టింపు బరువు తూగింది. తేలికదానిలో లోహం పలుచన, పైన మెరుపు పూత మాత్రం ఒకటే. మెరుపు చూసి కుళాయి కొనవద్దని, చేతిలో పట్టుకుని బరువు చూడాలని ఆయన చెప్పిన మాటను నేను అందరికీ చెబుతున్నాను. బరువైనదే తీసుకున్నాను. దానితోపాటు ఎల్బోకూ కుళాయికీ మధ్య పెట్టే ఇత్తడి ఎక్స్‌టెన్షన్ నిపిల్ ఒకటి, టెఫ్లాన్ టేపు చుట్టలు, ట్యాంకు దగ్గర పెట్టడానికి అంగుళం బాల్ వాల్వు కూడా తెచ్చాను.

ప్లంబరు 17వ తేదీ గురువారం వచ్చాడు. ఏప్రిల్‌లో మాకు బడి ఉదయం పూటే కాబట్టి నేను తిరిగి వచ్చేసరికి ఆయన వాకిట్లో కూర్చుని అత్తయ్యగారితో మాట్లాడుతున్నాడు. ఆవిడను "మావుసీ" (పిన్ని) అని పిలుస్తాడు. ముందురోజు రాత్రి నుంచే మోటారు వేయవద్దని చెప్పి ఉండడంతో బిందెలు, గంగాళం నింపి పెట్టుకున్నాము. ట్యాంకులో అడుగున మిగిలిన నీళ్లకు అడ్డంగా, కర్రముక్కకు గుడ్డ చుట్టి తయారుచేసిన బిరడాను లోపలివైపు నుంచి బయటికి పోయే రంధ్రంలో బిగించాడు. వాల్వు పాడైన ఇళ్లలో ఇది అందరూ చేసుకోదగ్గ పని. ట్యాంకు మొత్తం వదిలేయనక్కరలేదు. పని అయ్యాక బిరడా తీయడం మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

అసలు పని మొదలుపెట్టే ముందు ఆయన కుళాయిని ముట్టుకోలేదు. పగిలిన టైల్ వైపు నుంచి ఉలితో, ఎల్బో మూతి చుట్టూ వేలెడు వెడల్పున టైల్‌నూ గారనూ చెక్కాడు. గోడ కొట్టడమంటే ఇదేనా అని అత్తయ్యగారు కంగారుపడ్డారు. "మావుసీ, రెంచి నోరు పట్టేంత చాలు, తరవాత ఫ్లాంజి కింద దాగిపోద్ది" అన్నాడు. ఫ్లాంజి అంటే కుళాయి మొదట్లో గోడకు ఆనే గుండ్రని రేకు. ఇప్పుడు ఎల్బో మూతి మీద ఒక రెంచి పట్టింది, కుళాయి మీద రెండోది. కుళాయిని ఎడమకు తిప్పుతుంటే ఎల్బోను అంతే బలంతో కుడికి ఆపి ఉంచాలి. అప్పుడు గోడలోని పైపుకు ఆ బలం చేరదు. మొదటి రోజు ఆ కుర్రవాడి చేతిలో ఉన్నది ఒకే రెంచి. పని మొత్తంలో ఉన్న తేడా ఇదేనని నాకు ఇప్పుడు అర్థమైంది. పైపు రెంచి ఒకే దిశలో పళ్లు పట్టుకుంటుంది కాబట్టి రెండింటి నోళ్లూ ఎదురెదురుగా ఉండాలి. అది కూడా ఆయన చూపించాడు.

గ్యాస్ మంటతో వేడి చేస్తారేమోనని అడిగాను. టైల్ పగులుతుందని, పైపులో మిగిలిన నీళ్లు ఆవిరై చేతి మీదికి రావచ్చని వద్దన్నాడు. మరుగుతున్న నీళ్లలో ముంచిన గుడ్డలను పట్టకారుతో పట్టి, ఎల్బో మూతి మీదా కుళాయి మొదలు మీదా కప్పించాడు, చల్లారితే మార్చమన్నాడు. తరువాత చన్నీళ్లు పోసి, వెంటనే నూనె వేశాడు. నేను బడిలో పదార్థాల వ్యాకోచం చెబుతాను గనుక ఇందులోని లెక్క నాకు తెలుసు. డిగ్రీకి ఇనుము పది లక్షలో సుమారు 12 వంతులు సాగితే ఇత్తడి 19 వంతులు సాగుతుంది. అరంగుళం త్రెడ్డు బయటి వ్యాసం 21 మిల్లీమీటర్ల దరిదాపు; డెబ్భై డిగ్రీల తేడాకు ఈ రెండు లోహాల మధ్య వచ్చే ఎడం మిల్లీమీటరులో నూరో వంతు. వేడిలో ఇత్తడి ఎక్కువ సాగి ఇంకా బిగుస్తుంది, చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలోనే తుప్పు పొర చిట్లుతుంది. అందుకే ఆయన వేడిగా ఉన్నప్పుడు తిప్పలేదు. నూనె దూరడానికి ఆ నూరో వంతు చాలు.

విప్పే ముందు కుళాయిని కుడివైపు, అంటే బిగించే వైపు, ఒక వెంట్రుకవాసి కదిపాడు. కొద్దిగా "కిర్ర్"మంది. ఆ తరువాతే ఎడమకు. రెంచి కాడకు ఏ పైపూ తొడగలేదు. కొంచెం తిప్పడం, వెనక్కు రావడం, నూనె వేయడం, ఆగడం; ఇలా మధ్యాహ్నమంతా గడిచింది. పావు చుట్టు వచ్చినప్పుడు నేను ఎల్బో వైపే చూస్తున్నాను, అది ఉన్నచోటే ఉంది. అరచుట్టు దాటాక కుళాయి హఠాత్తుగా తేలికై చేతిలోకి వచ్చేసింది. పూర్తిగా కాదు, త్రెడ్డు భాగం ఎల్బోలోనే ఉండిపోయి మిగతా కుళాయి విరిగి వచ్చింది. నా గుండె జారిపోయింది. ఇక గోడ కొట్టక తప్పదనుకున్నాను.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. విరిగిన చోటును వెలుతురుకు తిప్పి నాకు చూపించాడు. ఇత్తడి పసుపుగా ఉండాలి; అక్కడ మాత్రం రాగిలా ఎర్రగా, చిన్నచిన్న రంధ్రాలతో ఉంది, గోరుతో గీకితే పొడి రాలింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఏళ్ల తరబడి నీళ్లలో ఉంటే కొన్ని రకాల ఇత్తడిలోంచి జింకు కరిగి వెళ్లిపోతుంది, బలం లేని గుల్ల రాగి మిగులుతుంది. ఆ కుళాయిని ఎవరు ఎంత జాగ్రత్తగా తీసినా అక్కడ విరిగేదే. కొత్త త్రెడ్డుకు పట్టేలా అప్పట్లో చుట్టిన నారూ పూసిన సఫేదా అనే తెల్లని ముద్దా కూడా రాయిలా గట్టిపడి లోపల కనిపించాయి.

మిగిలిన ముక్కను తీసిన పద్ధతి నేను దగ్గరుండి చూశాను, టార్చి పట్టుకున్నది నేనే. హాక్సా బ్లేడును ఫ్రేము నుంచి ఊడదీసి, సగం వరకు గుడ్డ చుట్టి చేతి పిడిగా చేసుకున్నాడు. ఆ బ్లేడును ఎల్బో నోట్లోకి దూర్చి, ఇరుక్కున్న ఇత్తడి కడియాన్ని లోపలి నుంచి బయటివైపుకు కోయడం మొదలుపెట్టాడు. ఒత్తిడి లేకుండా, నెమ్మదిగా, ఒకే గాడిలో. కింద పరచిన తెల్లకాగితం మీద రాలే పొడి రంగును చూస్తూ ఉండమని నాతో చెప్పాడు. పసుపు, ఎరుపు కలిసిన పొడి రాలినంతసేపు బ్లేడు ఇత్తడిలోనే ఉన్నట్టు. నల్లని పొడి కనిపించిన క్షణం ఆపాలి, అంటే ఎల్బో ఇనుప త్రెడ్డును తాకినట్టు. "నలుపమ్మా?" అని ఆయన అడగడం, "ఇంకా పసుపే" అని నేను చెప్పడం, చాలాసేపు ఇదే మాట మా ఇద్దరి మధ్య నడిచింది. మొదటి నల్లని రజను కాగితం మీద పడగానే అన్నాను, ఆయన బ్లేడు తీసేశాడు. మొదటి గాడికి వేలెడు దూరంలో రెండోది కోశాడు. రెండు గాడుల మధ్య ముక్క అంచున సన్నని ఉలి ఆనించి చిన్న సుత్తితో లోపలివైపుకు తట్టాడు. ఆ ముక్క ఎండిన తాటాకులా లోపలికి ముడుచుకుంది. అది రాగానే మిగిలిన కడియానికి బిగువు పోయి, స్క్రూడ్రైవర్ మొనతో తిప్పితే బయటికి వచ్చేసింది.

ఎల్బో త్రెడ్డు ఎలా ఉందోనన్నదే చివరి భయం. వైరు బ్రష్‌తో లోపల శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, కొత్త నిపిల్‌ను టేపు లేకుండా ఒట్టి చేత్తో తిప్పి చూశాడు. అంగుళానికి పద్నాలుగు చుట్లుండే ఆ త్రెడ్డు మీద నిపిల్ వంకర పోకుండా సాఫీగా లోపలికి నడిచింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కుళాయి కోసం అనుకుంటే పొరపాటు, ఆ గోడ ఆవిడకు ఏమిటో నాకు తెలుసు.

కొత్త కుళాయిని నేరుగా ఎల్బోలో పెట్టకుండా మధ్యలో నిపిల్ ఎందుకో చెప్పాలి. ఇక మీదట కుళాయి మార్చవలసి వస్తే, గోడ బయటికి ఉన్న నిపిల్ పలకలను స్పానరుతో పట్టుకుని కుళాయి ఒక్కటే విప్పుకోవచ్చు, గోడలోని ఎల్బో జోలికి పోనక్కరలేదు. టెఫ్లాన్ టేపును త్రెడ్డు మొన మన వైపు పెట్టుకుని గడియారపు ముల్లు తిరిగే దిక్కుగా చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే బిగించేటప్పుడు ఊడి పోగవుతుంది. పాత త్రెడ్డు కాస్త అరిగి ఉంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ చుట్లే వేశాడు. బిగించేటప్పుడు ఎల్బో మీద ఎదురు రెంచి మళ్లీ పెట్టాడు. కుళాయి నోరు నిటారుగా కిందికి రావడానికి ఇంకొంచెం తిరగాలంటే ముందుకే తిప్పాలి గాని, వెనక్కు తిప్పి సరిచేయకూడదు. వెనక్కు తిప్పితే టేపు పట్టు వదిలి అక్కడి నుంచి చెమ్మ వస్తుంది.

సాయంత్రం బిరడా తీసి, ట్యాంకు సగం నింపి, ఎల్బో చుట్టూ పాత వార్తాపత్రిక కాగితం చుట్టి ఉంచాము. గంటకు కాగితం అడుగున ఒక చిన్న తడి మచ్చ కనిపించింది. నిపిల్‌ను ఇంకో చిన్న తిప్పు బిగించి, కాగితం మార్చాడు. చెక్కినచోట గార ఆ రాత్రి పూడ్చనివ్వలేదు. తెల్లవారి కాగితం పొడిగా ఉందని నేను చూశాకే పూడ్చాలన్నాడు. గోడకు చెవి ఆనించడం కంటే ఇది ఎంతో నమ్మకమైన పరీక్ష. మరునాడు కాగితం గలగలలాడుతూ పొడిగా ఉంది.

18న గుడ్ ఫ్రైడే, బడికి సెలవు. ఆ రోజు మేడ మీది గేటు వాల్వు తీశారు. అక్కడ గోడ లేదు కాబట్టి పైపు కోసి, కొత్త త్రెడ్డు వేసి, యూనియన్‌తో (విప్పుకోగలిగే జోడింపు ముక్కతో) బాల్ వాల్వు పెట్టడం పొద్దెక్కేలోపే అయింది. తీసిన వాల్వు విప్పితే లోపలి గేటు పలక తుప్పులో కూరుకుని ఉంది, దాన్ని దించవలసిన ఇరుసు త్రెడ్డు మాత్రం అరిగి ఖాళీగా తిరుగుతోంది. చక్రం తిరిగినా నీళ్లు ఆగకపోవడానికి కారణం అదే. బాల్ వాల్వు పిడిని నెలకొకసారైనా కట్టి తెరవమని, అలా ఆడిస్తూ ఉంటే సున్నం పట్టి బిగుసుకోదని చెప్పాడు. ఆ పని అత్తయ్యగారు అమావాస్యకు నన్ను గుర్తుచేసి చేయిస్తున్నారు.

ఖర్చు సంగతి. మొదటి ప్లంబరుకు 250, స్ప్రే 240, వెనిగర్ 50, కుళాయి 680, బాల్ వాల్వు 520, యూనియన్, నిపిళ్లు, టేపు, తెల్ల సిమెంటు అన్నీ కలిపి 360, పెద్ద ప్లంబరుకు రెండు రోజుల కూలి 1,400. మొత్తం 3,500 రూపాయలు. ఇందులో వాల్వు పని తీసేస్తే కుళాయికి అయినది రెండున్నర వేల లోపే. మొదట చెప్పిన ఏడు వేలలో టైల్స్ ఖరీదు లేదన్నది కూడా కలిపి చూసుకోవాలి. మా గోడకున్న ఆ పాత సైజు తెల్ల టైల్ ఇప్పుడు ఇక్కడా పాతపట్నంలోనూ ఎక్కడా దొరకలేదు. చెక్కిన భాగం పెద్ద ఫ్లాంజి కింద దాగింది. దాని అంచు దాటి పోయిన పగులు గీతను తెల్ల సిమెంటుతో నింపాము, దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

నాకు ఒక్కటి అనిపిస్తుంది. ఆయన ఊళ్లోనే ఉండి మొదటి రోజే వచ్చి ఉంటే, నూనె లోపలికి నడిచే వ్యవధి ఉండేది కాదు. పని చేసేవారు దొరకలేదని వేచి ఉండవలసి వచ్చినప్పుడు ఆ రోజులు ఖాళీగా పోనీయకుండా, అదే రాత్రి నుంచి సున్నం వదిలించడం, నూనె పట్టించడం మొదలుపెట్టుకోవచ్చు. అందుకు ఏ నైపుణ్యమూ అక్కరలేదు.

వంటింటి కుళాయి కూడా ఇదే 1994 నాటి లైను మీద ఉంది, ఇంకా కారడం లేదు గాని దాని మొదట్లోనూ తెల్లని పెచ్చు కట్టింది. రథయాత్రకు ఊరు వెళ్లేలోపు అది కూడా తీసి నిపిల్ పెట్టేద్దామని ప్లంబరు అన్నాడు. తాను వచ్చే తేదీకి పది రోజుల ముందు ఫోను చేస్తానని, ఆ రోజు నుంచి వెనిగర్ గుడ్డ కట్టమని చెప్పి వెళ్లాడు. వెనిగర్ సీసా, ఒత్తులు తెచ్చి ఉంచాను.